గురక పెడితే మంచి నిద్ర అనుకున్నాను

మునగాల దగ్గర డాబాలో, టీ గ్లాసు చేతిలో ఉండగానే నిద్రపోయాను. వేడి టీ ప్యాంటు మీద పడ్డాకే లేచాను. పట్టపగలు, అదీ రాత్రంతా ఇంట్లో పడుకుని వచ్చిన మనిషిని. ఒంట్లో ఏదో తేడా ఉందని అప్పుడే తెలియాల్సింది. నేను మాత్రం టీ పలుచగా ఉందని ఇంకో గ్లాసు చెప్పాను.

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడు తోలే లారీ డ్రైవర్‌ని నేను. మా వాళ్లలో గురక పెట్టేవాడంటే హాయిగా పడుకున్న అదృష్టవంతుడని లెక్క. నా అదృష్టం పక్కింటికి కూడా వినపడేది.

కొన్నాళ్లకు కోదాడ ముందర రవాణా శాఖ వాళ్లు బండి ఆపారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ టైర్లూ లైట్లూ చూస్తుంటే నేను సీట్లో కూర్చున్నాను. తర్వాత గుర్తున్నది ఆయన డోరు బాదడమే.

"తాగినవా?"

"టీ తాగిన సార్."

మిషన్‌లో ఊదించారు. సున్నా వచ్చింది. గర్వంగా చూశాను.

"ఇంజన్ బంద్ ఉంది, గా సప్పుడు ఏడికెల్లి వస్తుందా అని సూస్తున్న. నువ్వేనా? బండికి ఫిట్‌నెస్ ఉంది, నీకే లేదు. దిగు."

"లోడు ఉంది సార్..."

"నీ ముంగట బస్సు ఉంటే? దాన్ల మంది ఉంటరు గదా! ఇంకో డ్రైవర్ వస్తేనే బండి కదిలేది. నువ్వు డాక్టర్‌కు సూపించుకో."

ఓనర్ ఫోన్‌లో ఒకటే మాటన్నాడు: "డాక్టర్ రాసిస్తేనే స్టీరింగ్." నాకు వచ్చిన పని అదొక్కటే. బస్సులో ఇంటికి వెళ్తూ ఎవరినీ నవ్వించలేదు. నిద్ర మాత్రం పోయాను.

సూర్యాపేట దవాఖానలో తలకు వైర్లు అతికించి స్లీప్ స్టడీ చేశారు. నిద్రపోతే పాసయ్యే పరీక్ష అనుకున్నాను; ఫెయిలయ్యాను.

"స్లీప్ ఆప్నియా, సివియర్. పడుకోగానే గొంతు మూసుకుంటుంది, ఊపిరి ఆగుతది, మెదడు లేపుతది. రాత్రంతా ఇదే పని," అన్నారు డాక్టరమ్మ.

"అంటే పడుకున్నా డ్యూటీయేనా మేడం?"

"నవ్వు బాబూ. స్టీరింగ్ మీద గిట్ల పడుకుంటే నవ్వేటందుకు ఉండవ్."

సీప్యాప్ మిషన్ రాశారు. ముక్కుకు మాస్క్, దానికో గొట్టం; అది ఊదే గాలికి గొంతు మూసుకోదట. నిద్రలోనే పీకి పారేసేవాణ్ణి. ముక్కు మీద పుండు పడింది. నా వల్ల కాదని అట్టపెట్టెలో పెట్టేశాను. మా ఆవిడ సరిత మళ్లీ బయటికి తీసింది.

"ఏమయ్యా, నడుమ నడుమ నీ గురక ఆగిపోతది. మళ్ల వచ్చేదాంక నేను పానం అరచేతుల పెట్టుకొని కూసుంట. గురక పెడతవని ఊరందరికీ ఎరుకే. అది ఆగుడు నాకొక్కదానికే ఎరుక."

మర్నాడే మాస్క్ పట్టుకుని మళ్లీ దవాఖానకు వెళ్లాను.

డాక్టరమ్మ మాస్క్ సైజు మార్చారు. బరువు తగ్గమంటే రాత్రిపూట బిర్యానీ మానేశాను; ఇంత పెద్ద త్యాగానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పగటి మత్తు పోయాక, మిషన్ రిపోర్టు చూసి ఆమె రాసిచ్చాకే మళ్లీ బండెక్కాను. మాస్క్ పెట్టుకుంటే ఏనుగు లెక్క ఉన్నావంటుంది సరిత. ఆ ఏనుగు పక్కనే ఇప్పుడు తనూ నిద్రపోతోంది.

డ్రైవరన్నలూ, మీ గురక సంగతి మీకు తెలియదు, అప్పుడు మీరు నిద్రలో ఉంటారు. పక్కన పడుకునేవాళ్లను అడగండి, నడుమ ఆగుతోందా అని. ఆగుతోందంటే బండి పక్కకు పెట్టి ముందు స్లీప్ స్టడీ చేయించుకోండి.