ముందు ఒప్పుకోమని నేర్పిన సుభద్ర టీచర్ గారికి

నిన్న పొద్దున గుడివాడ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. "సుభద్ర టీచర్ గారు పోయారే" అని మా క్లాస్‌మేట్ రమ ఏడుస్తోంది.

"ఏ సుభద్ర?" అని అడిగాను.

ఎంత పిచ్చి ప్రశ్న! నాకున్నది ఒక్క సుభద్ర టీచరే.

చల్లపల్లిలో మాకు ఇంగ్లీష్ చెప్పిన మనిషి. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

'ఆల్‌దో', అంటే 'అయినప్పటికీ', అని వాక్యం మొదలుపెట్టి మధ్యలో 'బట్' కూడా రాసేవాళ్లం మేమంతా. ఇంట్లో "అయినా కానీ" అనే నోళ్లు కదా మావి. ఆవిడ ఎర్ర పెన్నుతో 'బట్' కొట్టేసి, "ఒకసారి ఒప్పుకున్నావుగా, మళ్ళీ ఆ సణుగుడు దేనికే?" అనేవారు.

అంతకన్నా పెద్ద రూల్ ఇంకోటి. ఆల్‌దో పక్కన ఎదుటివాళ్ల మాట రాయాలి. బలమైన మాటే రాయాలి. తేలిగ్గా తీసేస్తే పేజీ మొత్తం మళ్ళీ రాయించేవారు.

ఇంటర్ అయ్యాక నాన్న నన్ను గుడ్లవల్లేరు కాలేజీకి పంపనన్నారు. సముద్రం మీద వేటకెళ్లే మనిషి, కాదంటే కాదంతే. నేను అన్నం మానేసి కూర్చున్నాను.

టీచర్ గారు మా ఊరొచ్చి, వలల పక్కనే నేల మీద కూర్చున్నారు. గట్టిగా వాదిస్తారనుకున్నాను.

"నిజమే అన్నయ్య గారూ. బస్సు లేటైతే చీకటి పడిపోతుంది. మీరు వేటలో ఉంటే, పిల్లకి ఏమైనా అయినా మీకు కబురందదు. మీ భయం తప్పు కాదండీ."

నాన్న తలెత్తి చూశారు. అప్పటిదాకా ఆయన్ని అందరూ మూర్ఖుడనే అన్నారు.

"అయినా పంపండి" అన్నారావిడ.

"సర్లెండి టీచరమ్మా, మీ మాట మీద పంపుతా" అన్నారు నాన్న.

ఇప్పుడు బ్యాచ్ గ్రూప్‌లో ఒకటే గోల. సంతాప సభలో చదవడానికి ఇంగ్లీష్‌లో నాలుగు లైన్లు నన్నే రాయమంటున్నారు.

'ఆల్‌దో' అని టైప్ చేస్తున్నాను. చెరిపేస్తున్నాను. మళ్ళీ టైప్ చేస్తున్నాను.

రాసినా ఎవరు దిద్దుతారు? ఎవరికి పంపాలి? దేవుడా, ఎవరికి పంపను?

టీచర్ గారూ, ముందు ఒప్పుకో, తర్వాతే నీ మాట రాయి అన్నారు. మీరు లేరని ఒప్పుకుంటేనే కదా ఆ రెండో సగం వచ్చేది.

నా వల్ల కావట్లేదు. ఒప్పుకోను.

పేజీ మొత్తం మళ్ళీ రాయించండి, రాస్తాను. ఒక్కసారి వచ్చి రాయించండి.

సరే, మీరు రారని ఒప్పుకున్నాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి టీచర్ గారూ.