మూడోనాటి వేడి

నర్సీపట్నంలో కొయ్యూరు వెళ్లే దారి మొదట్లో, బళ్లు ఆగే చోటికి ఎదురుగా కామమ్మ ఇల్లు. చోళ్లు మొలకెత్తించి ఆరబెట్టి ఇవ్వడం ఆమె పని. రాగుల్ని ఆ వైపు చోళ్లంటారు. సంతకు దిగిన కొండవాళ్లు ఆ మొలకచోళ్లు పట్టుకుపోయి, తిరగలిలో విసిరి, పిండిని గంజిలో కలిపి పులియబెట్టి లంద అనే కల్లు చేసుకునేవారు. పట్నంలో లంద పెడితే ఆబ్కారీ జవాన్లు వచ్చి కుండలు పగలగొట్టేవారు. మొలకచోళ్ల జోలికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు.

కామమ్మ తల్లి కొండమీది మనిషి. పని ఆమె దగ్గరే నేర్చుకుంది. చోళ్లను ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, నీళ్లు వార్చి, ఆకులు పరిచిన వెదురు గంపలో పోసి గోనె కప్పాలి. రెండోనాటికి తెల్లటి మొనలు కనిపిస్తాయి. మూడోనాడు గంప లోపల వేడెక్కుతుంది. అప్పుడు చెయ్యి పెట్టి అడుగువి పైకి, పైవి అడుక్కి తిరగెయ్యాలి. ఏమరితే మగ్గిపోయి కంపు కొడతాయి.

1924 వానల్లో కామమ్మ కూతురు చిలకమ్మకు చలిజ్వరం వచ్చింది. ఏడేళ్ల పిల్ల. కామమ్మ భర్త భీమన్న బండి కట్టుకుని రాయవరం వైపు పోయాడు. పెరట్లో గంప వేడెక్కి ఉంది. కామమ్మ పిల్ల నుదుట తడిగుడ్డ వేసి లేవబోయింది.

“అమ్మా, కూసేపు కూకో,” అంది పిల్ల.

బేగి తిరగేసి వచ్చేస్తానని చెప్పి కామమ్మ పెరట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చి పక్కన కూర్చుని నుదుట చెయ్యి వేసింది. నుదురు వేడిగానే ఉంది. అందుకే పిల్ల పోయిందని చాలాసేపు ఆమెకు తెలియలేదు.

దినాలు అయ్యాక మళ్లీ చోళ్లు నానబోసింది. మూడోనాడు గంపలో చెయ్యి పెట్టింది. పిల్ల నుదుటి మీది వేడే. ఎక్కువా కాదు, తక్కువా కాదు. కామమ్మ నూతి దగ్గరికి పరిగెత్తి, చేదతో నీళ్లు తెచ్చి గంపలో కుమ్మరించింది. చల్లబడేదాకా పోస్తూనే ఉంది. ఆ చోళ్లు కుళ్లిపోయాయి.

తర్వాతి గంపా అంతే. ఆ తర్వాతిదీ అంతే. భీమన్న మొదట కసిరాడు, తర్వాత ఆ పని మానెయ్యమని బతిమాలాడు. ఆమె మానలేదు. నానబోసేది, మొలకెత్తించేది, మూడోనాడు నీళ్లు పోసి పాడుచేసేది. కొనేవాళ్లు వేరే ఇళ్లు చూసుకున్నారు. భీమన్న విభూతి పెట్టించాడు, తాయెత్తు కట్టించాడు. ఇంట్లో ఉంటే పెరట్లోంచి, పెరట్లోకి పోతే ఇంట్లోంచి, కూకో అని పిల్ల గొంతు వినపడుతోందని మాత్రం ఆమె అతనికి చెప్పలేదు.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందు బుల్లమ్మ అనే మనిషి కొయ్యూరు అవతలి కొండల నుంచి దిగింది. కొండల్లో తిరుగుబాటు లేచిన ఫితూరీ రోజుల్లో ఆమె మొగుణ్ణి సర్కారు పటాలం మూటలు మొయ్యడానికి పట్టుకుపోయారు. అతను తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఇక రాడని తేల్చుకుని ఊళ్లో, పోయినవాళ్లకు పోసినట్టు, అతని పేర నేలమీద లంద పొయ్యాలనుకున్నారు. దానికి మొలకచోళ్లు కావాలి.

తన చేతిలో ఇప్పుడు గింజ బాగుపడటం లేదని కామమ్మ చెప్పింది. బుల్లమ్మ మూట దింపి అరుగుమీద కూలబడింది. మూణ్ణాళ్లూ తనే ఉండి చూసుకుంటానంది. నానబోసింది, వార్చింది, గోనె కప్పింది. మూడోనాటి ఉదయం ఆమె గంప మీద వంగేసరికి కామమ్మ నీళ్ల చేద ఎత్తుకుని వచ్చింది. బుల్లమ్మ ఆ చేద పట్టుకుని ఆపింది. అప్పుడు కామమ్మ, ఎవరికీ చెప్పనిది, తడిగుడ్డ దగ్గర్నుంచి మొత్తం చెప్పింది.

బుల్లమ్మ ఆమె చేతిలోంచి చేద తీసుకుంది.

“మా ఆయన ఏ తోవలో పడిపోనాడో నాకు తెల్దు. అతని ఒంటిమీద ఎవులు సెయ్యేసినారో, ఎవులూ ఎయ్యనేదో తెల్దు. నీ గుంటపిల్ల నుదురు నీకు తెలుసు గదప్పా.” చేద పక్కన పెట్టింది. “ఆ పొద్దు కూకోనేదు. ఈ పొద్దు కూకో.”

కామమ్మ గంప పక్కన కూర్చుంది. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది. ఏడ్వలేదు. బుల్లమ్మ తిరగెయ్యాలని చెప్పినప్పుడల్లా తిరగేసింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అక్కడినుంచి కదల్లేదు. ఆ చోళ్లు తియ్యటి వాసనతో మొలకెత్తాయి. ఆరాక బుల్లమ్మ మూట కట్టుకుని కొండెక్కింది. మళ్లీ రాలేదు. లంద బాగా పొంగిందని, అడవి దారి మొదట నేలమీద పోశారని సంతకొచ్చినవాళ్లు చెప్పారు.

కామమ్మ ఆ పని తర్వాత చాలా ఏళ్లు చేసింది. గొంతు వినపడటం ఆగలేదు. మూడోనాడు మాత్రం పొయ్యి వెలిగించేది కాదు, ఎవరు పిలిచినా పలికేది కాదు. తెల్లారి మొదలు గంప దగ్గరే ఉండేది. ఇరుగుపొరుగు ఆ పూట ఆ పెరటి వైపు రావడం మానేశారు.

ఒకసారి భీమన్న బండి విప్పి, కాళ్లు కడుక్కోకుండానే పెరట్లోకి వచ్చాడు. గంపకు ఇవతల కూర్చుని తనూ చెయ్యి పెట్టాడు. నుదుటి సంగతి కామమ్మ ఈమధ్యే అతనికి చెప్పింది. పిల్ల పోయిననాడు అతను ఊళ్లో లేడు. వచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

“ఇంతున్నాదా?” అని అడిగాడు.

“ఇంతే,” అంది కామమ్మ.

ఆ రోజు గింజ తిరగేసింది అతనే.