పూసలోని చీమ

పక్కింటి ఖాదర్‌బీ అవ్వ జపమాలలోని పూసను తీసింది నేను. నలభై ఏండ్లుగా ఎవరికీ చెప్పని ఈ మాటను, మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి తెచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ చూశాక ఇక దాచలేకపోయాను. పసుపుపచ్చని రాయిలో చీమ. ఏనాడో చెట్టు కార్చిన జిగురులో చిక్కుకొని, ఆ జిగురుతోపాటే గట్టిపడిపోయిందట. ఆ జాతి చీమ ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదట.

పంతొమ్మిది వందల యాభైల్లో, కడపలో, మా ఇంటికీ అవ్వ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఎండాకాలం మధ్యాహ్నాలు వాళ్ల నాపబండల మీద వెల్లకిలా పడుకుంటే వీపు చల్లబడేది. ఉడికిన శనక్కాయల వాసన, అవ్వ కొంగులోని అత్తరు వాసన, రంజాన్ పండగైతే పాలలో ఉడికే సేమియా వాసన ఒకదాని మీద ఒకటి వచ్చేవి. మా అమ్మ ఓళిగలు పంపిన గిన్నెను అవ్వ ఏనాడూ ఖాళీగా తిరిగిచ్చేది కాదు. తన నాయన మక్కా నుంచి తెచ్చిన ఆ మాలను అవ్వ వెలుతురుకు పట్టి, ఒక పూసలో ఉన్న చీమను నాకూ, తన మనవరాలు మస్తాన్‌బీకీ చూపేది.

"సచ్చిపోయిండాదా అవ్వా?"

"లేదప్పా, నిద్రపోతాండాది. నీ మాదిరే శానా సోంబేరి."

నేను నమ్మాను. దారం పాతబడిందని అవ్వ పూసలన్నీ గిన్నెలో పోసిన రోజు, ఆ చీమను లేపుదామని పూసను జేబులో వేసుకొనిపోయి, మా పెరట్లో రాయితో కొట్టాను. సాంబ్రాణి లాంటి వాసన లేచింది. లోపల చీమ లేదు. చీమ ఆకారంలో చిన్న ఖాళీ, వేలికి అంటిన నల్లటి పొడి, అంతే.

సాయంత్రానికి పూసల లెక్క తగ్గింది. అవ్వతో కూర్చుని మాల గుచ్చింది మస్తాన్‌బీ. "యాడ పారేస్తివే?" అంటూ వాళ్లమ్మ చింతబరికె తీసుకుంది. దెబ్బలకు తాళలేక, "బాయిలో పడేస్తి" అని ఆ పిల్ల చేయని తప్పు ఒప్పుకుంది. గోడకు ఇవతల నిలబడి అంతా విన్నాను. నోరు తెరవలేదు. మరునాడు మస్తాన్‌బీ నాయన బావిలోకి దిగి బురదంతా దేవాడు. అవ్వ ఆ పూస ఉండాల్సిన చోట దారానికి ముడి వేసి, ముడినే పూసగా లెక్కపెట్టుకునేది. మస్తాన్‌బీని మాత్రం మళ్లీ ఆ మాల ముట్టనివ్వలేదు.

ఇప్పుడు ఆ నాపబండలు లేవు, బావిని పూడ్చేశారు, అవ్వ పోయి చాలా కాలమైంది. పోయిన ఆదివారం మస్తాన్‌బీ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

"నిజంగా నేనే పడేసినానేమో అనుకుంటాంటి అన్నా. అవ్వ పోయేటప్పుడు కూడా, తప్పు నాదే, మాఫ్ చెయ్యి అని అడిగితి."

"ఆ మాట అవ్వను అడగాల్సింది నేనమ్మా," అన్నాను. "తప్పు నాది. నీకు చేసింది ఇంకా పెద్ద తప్పు. నన్ను మాఫ్ చెయ్యి."