ప్రిన్సిపాల్ గారి తెలుగు

తొంభైల్లో మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో పన్నెండో తరగతి పాసయ్యాను. క్లాసులో నాది ఆరో ర్యాంకు. నాగపూర్‌లోని పేరున్న కాలేజీకి దరఖాస్తు పెట్టాలంటే మా జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ సిఫారసు కావాలి. బొగ్గు గనిలో పనిచేసే మా బాపు సెలవు పెట్టి నాతో ప్రిన్సిపాల్ గదికి వచ్చాడు. బాపుకు మరాఠీ అంతంత మాత్రమే. మధ్యలో నేను అర్థం చెబుతున్నాను.

"ఆరో నంబరు పిల్లను పంపితే మా కాలేజీ పరువేం కావాలి?" అన్నారు ప్రిన్సిపాల్ మరాఠీలో.

"సార్ ఏమంటున్రు బిడ్డా?" అడిగాడు బాపు.

"ఆలోచిస్త అంటున్రు బాపూ."

ప్రిన్సిపాల్ నవ్వారు. "అబద్ధం చెప్తుంది. నీ బిడ్డకు గంత తెలివి లేదని చెప్పిన. కుట్టుమిషన్ కొనియ్యి, అక్కరకొస్తది" అన్నారు, చక్కని తెలుగులో. రెండేళ్లలో ఆయన నోట తెలుగు వినడం అదే మొదలు.

బాపు చేతులు జోడించి, "సరే సార్" అని బయటికి నడిచాడు. దారిలో, "నాకెందుకు అబద్ధం చెప్పినవ్?" అని మాత్రం అడిగాడు.

సిఫారసు లేకుండానే దరఖాస్తు పంపాను. సీటు రాలేదు. ఆరో ర్యాంకుకు అది న్యాయమే కావచ్చు. కానీ ఆయన ఆ మాట మరాఠీలోనే అని ఊరుకుంటే బాపు తలెత్తుకుని ఇంటికి వచ్చేవాడు. అందుకే ఆయన్ని నేటికీ క్షమించలేదు, క్షమించను కూడా.