పొలమారిన ముద్ద

మా నాయనకు పక్షవాతం వచ్చిన ఏడు మా ఇంట్లో జరిగిన కొట్లాటలన్నీ ఒక్క ముద్ద కోసమే. అది ఆయన గొంతు దిగుతుందా, దిగదా? మద్రాసులో కూర్చుని దొరలు ఏమేం చట్టాలు చేస్తున్నారో మాకు పట్టలేదు. నా నోరు మంచిది కాదని మా వైపు అందరికీ తెలుసు. చెయ్యి అంతకన్నా మంచిది కాదని ఆ ఏడే తెలిసింది.

ఆయన గొర్రెల మనిషి. బేస్తవారిపేట నుంచి యర్రగొండపాలెం దాకా మంద వెంట నడిచిన కాళ్ళు ఒక పొద్దున దొడ్లోనే మడతపడిపోయాయి. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి పోయాయి. ఊళ్ళ వెంట తిరిగే కాంపౌండరు ఒకాయన వచ్చి చూసి, వాతం గొంతును కూడా పట్టిందని, పాలూ నీళ్ళూ పలచగా పట్టమని చెప్పి పోయాడు. మా అమ్మ అప్పటికే లేదు. కొనకనమిట్లలో మా ఆయనకు చెప్పి నేను పుట్టింటికి వచ్చేశాను. ఇంట్లో చిన్నాయన, చిన్నమ్మ ఉండేవాళ్ళు.

గుక్కెడు నీళ్ళు పడితే చాలు, నాయనకు పొలమారేది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అనడం, నెత్తి మీద తట్టడం ఎక్కడైనా ఉన్నదే. మొదట్లో మేమూ నవ్వుతూ తట్టాం. కానీ రోజుకు పదిసార్లు పొలమారే మనిషిని అంతగా తలుచుకునేది ఎవరు? ఒక మధ్యాహ్నం చిన్నమ్మ ఆ మాట అననే అన్నది.

"ఇంకెవురు, అక్కే. పోయినామె బావను పిలుస్తాంది."

ఆ మాటతో చిన్నాయనకు పిచ్చి పట్టినట్టయింది. అన్నంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణం మీదే చెయ్యి చేసుకున్నాడు. పొలమారినప్పుడల్లా అరచేత్తో నెత్తిన ఫాట్‌మని కొట్టేవాడు. "పో వదినా, పో! మా అన్న రాడు!" అని అరుస్తూ కొట్టేవాడు. చచ్చినామెకు తగిలిందో లేదో గానీ, బతికున్న మనిషి మెడ వాలిపోయేది.

నాయన నోరు తెరవడం మానేశాడు. అప్పుడు చిన్నాయన దొడ్లోంచి వెదురు గొట్టం తెచ్చాడు, ఎద్దులకు మందు పోసేది. అన్న తల వెనక్కి విరిచి, మోకాలు రొమ్ము మీద పెట్టి, పళ్ళ మధ్య గొట్టం దూర్చాడు. నన్ను కాళ్ళు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను కూడా. ఆ సంగతి దాచను.

"తాగన్నా, తాగు! తాగకపోతే బలమెట్లొస్తాది?"

పాలు ముక్కులోంచి వచ్చాయి. వెనకే నెత్తురు వచ్చింది. ముందరి పన్ను ఒకటి విరిగి గడ్డం మీద పడింది. ముఖం నల్లబడిపోతోంది. నేను కాళ్ళు వదిలేసి, పొయ్యి దగ్గరున్న సంగటి తెడ్డు అందుకుని చిన్నాయన ముంజేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా ఆగలేదు, రెండో దెబ్బ భుజం మీద వేశాను. చిన్నమ్మ నా జుట్టు పట్టుకుని గడప దాకా ఈడ్చింది.

"మీ నాయన మీద ప్రేమ నీకొక్కదానికేనా ఏందే?"

"ఎద్దుక్కూడా ఇట్ల పొయ్యరు చిన్నమ్మా! దగ్గితే దాని తలైనా ఇడుస్తారు!"

అన్నాక తెలిసింది, అది నా మాట కాదు, నాయన మాట. గొర్రెకు మందు పోసే ప్రతివాడికీ ఆయన చెప్పేవాడు. "తల పైకెత్తగాకు, ఊపిరికి పోతాది. దగ్గిందా, ఇడిసిపెట్టు." గొర్రెలకు చేసే మర్యాద గొర్రెల మనిషికి మేం చేయలేదు. సిగ్గుతో నా ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. గోడకు ఆనించి కూర్చోబెట్టి, గడ్డం రొమ్ముకు తగిలేలా ఆయన తల వంచేదాన్ని. పలచటి నీళ్ళు మానేశాను. రాగి జావ చిక్కగా కాచాను. చెంచా వంచితే అది జారాలి, కారకూడదు. ముందుగా "పెట్టేదా నాయనా?" అని అడిగేదాన్ని. ఆయన ఎడమ చెయ్యి ఎత్తితే పెట్టాలి, దించితే ఆగాలి. ఎడమ బుగ్గలో సగం చెంచా పెట్టి, గొంతు లేచి దిగేదాకా చూస్తూ ఉండేదాన్ని. ఒక గిన్నె జావకు పొద్దు బారెడెక్కేది. చిన్నాయన చేతికి బద్దలు కట్టించుకుని గడపలో కూర్చునేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు. అన్న మింగిన ప్రతిసారీ తానూ గుటక వేసేవాడు. ఆయన మీద కోపం పోలేదు గానీ, జాలి మాత్రం వేసింది.

ఎండలు పోయాయి, వానలు పోయాయి. చలికాలంలో నాయనకు దగ్గు పట్టుకుంది. ఒళ్ళు చిక్కి సగమైంది. చెయ్యి ఎత్తడం తగ్గిపోయింది. ఒకరోజు పొద్దుటి నుంచి నాలుగుసార్లు జావ కాచాను. నాలుగుసార్లూ చెయ్యి దించాడు. నా చేత్తో పెడితే ఆయన బతికి తీరాలని అప్పటికి నాకు గర్వం ముదిరింది. నాలుగోసారి చెంప మీద కొట్టాను.

"తిని చావు నాయనా!"

ఆయన వెంటనే నోరు తెరిచాడు. అది ఆకలి కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని, తల భుజాల్లోకి లాక్కుని, రెండో దెబ్బకు సిద్ధపడి తెరిచాడు. ఆ నోట్లో నేను చెంచా పెట్టలేకపోయాను. గిన్నె కింద పెట్టి, ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాను. చాలాసేపటికి అడిగాను.

"వద్దా నాయనా? ఇంక వద్దా?"

ఎడమ చెయ్యి నేలకు ఆనించి, అక్కడే ఉంచాడు.

చిన్నాయన గడపలోంచి లేచి వచ్చి, వంకరగా అతుక్కున్న చెయ్యి గిన్నె వైపు చాచాడు. "లేయ్. నేను పెడ్తా."

"నాయన వద్దన్నాడు, చిన్నాయనా."

చిన్నాయన తన అన్న చేతి వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గిన్నె తీసుకుపోయి కుక్కకు పోశాడు.

మూడో రోజు నాయన పోయాడు. కూతురే కడుపు మాడ్చి చంపిందని ఊళ్ళో ఏళ్ళ తరబడి అన్నారు. అననీ. ఆ మాటకు నేనెప్పుడూ ఏడవలేదు. ఇప్పటికీ ఏడుపొచ్చేది, నా దెబ్బకు ఆయన అంత తొందరగా నోరు తెరిచినందుకు.