నిలవని సారు

ఆ రోజుల్లో సైకిలున్న కుర్రవాడికి ఎక్కడలేని గౌరవం ఉండేది. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలు అవి. నేను పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా ఊరు నంబులపూలకుంట పక్కన ఒక పల్లె. అక్కడి నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, మా నాయన సైకిలు వెంట తెచ్చుకున్నాను. ఆ సైకిలు సంగతి ముందుగా చెప్పాలి. ఆరడుగుల మా నాయన దాన్ని తన కొలతకు కొనుక్కున్నాడు. నేనేమో మా అమ్మ పోలిక. సీటు మీద కూర్చుంటే నా కాళ్ళు పెడళ్ళను అందుకోవడమే గొప్ప, ఇక నేల మాట ఎత్తే పని లేదు. చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద నిలబడి సైకిలెక్కి, ఊరంతా చుట్టి వచ్చి, మళ్ళీ అదే అరుగు మీద కాలు ఆనించి దిగేవాణ్ణి. అందరూ ఒక కాలు పెడలు మీద పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోయి, ఒక్క ఊపున సీటెక్కుతారే, ఆ విద్య నాకు పట్టుబడలేదు. దిగే విద్య అసలే రాలేదు. (తొక్కడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, చూసినవాళ్ళెవరూ ఇప్పుడు మిగల్లేదు.)

ఆఫీసులో మిగతావాళ్ళందరూ సంసారులు. శనివారం మధ్యాహ్నం రిజిస్టర్లు మూసి ఎవరింటికి వాళ్ళు పోతే, మళ్ళీ సోమవారం పొద్దున దాకా నాతో మాట్లాడే దిక్కు ఉండేది కాదు. ఒక్కో ఆదివారం నేను పలికిన మొత్తం మాటలు హోటల్లో "ఇంకొంచెం సాంబారు" అన్న రెండే. గదిలో కూర్చుంటే ఏడుపు వచ్చేది. ఇరవై రెండేళ్ళవాడు ఏడిస్తే బాగుండదు కాబట్టి సైకిలు తీసేవాణ్ణి. గది ముందున్న అరుగు మీద నుంచి ఎక్కి, చెన్నేకొత్తపల్లి వైపు పోయేవాణ్ణి. రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు. రోజు మొత్తం మీద రెండు మూడు బస్సులు, అప్పుడప్పుడూ ఒక ఎద్దుల బండి, అంతే. ఒకచోట చెరువు కాలువ మైలు దూరం రోడ్డు వెంటే వచ్చేది. వానలు పడిన ఏడు అందులో నీళ్ళు కూడా ఉండేవి. అవతల శనక్కాయ చేన్లు. హ్యాండిలు వదిలేసి, చేతులు కట్టుకుని, పెద్దగా పాడుకుంటూ పోయేవాణ్ణి. నా పాట విని బెదిరే ఎద్దులు కూడా ఆ దారిలో తక్కువే. కాళ్ళు నొప్పి పుడితే ఏ మైలురాయి మీదో, రోడ్డు కింద నీళ్ళు పోయే ఏ మోరీ గోడ మీదో కాలు పెట్టి దిగాలి. ఏ మోరీ గోడ ఎంత ఎత్తో వాటిని కట్టిన మేస్త్రీకన్నా నాకే బాగా తెలుసు.

ఏడో మైలు దాటాక రోడ్డు పక్కన ఒక పల్లె ఉండేది. అక్కడ చింతచెట్టు కింద ఒక సాయిబు గోలీసోడా అంగడి పెట్టుకున్నాడు. నెరిసిన గడ్డం, గళ్ళ లుంగీ, భుజం మీద తుండుగుడ్డ. ఊరంతా ఆయన్ను సోడా మామ అని పిలిచేవాళ్ళు. ఆదివారం పూట చెట్టు చుట్టూ నలుగురైదుగురు చేరి కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. మొదటి ఆదివారమే నన్ను చూసి మామ చెయ్యెత్తాడు. "ఏమప్పా, యాడికి పోతాండావు ఇంత ఎండలో? దిగు, సోడా తాగిపో!"

దిగాలని నాకు ప్రాణం లాగింది. కానీ అక్కడ ఎత్తుగా ఏముంది? చదునైన నేల, చెట్టు, మనుషులు. "వచ్చేటప్పుడు మామా!" అని అరిచి ముందుకు పోయాను. వచ్చేటప్పుడు ఆయన నన్ను దూరం నుంచే చూసి, సోడా కొట్టి పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చే వారం మామా!" అన్నాను. వచ్చే వారమూ అదే మాట, ఆపై వారమూ అదే. నాకోసం కొట్టిన సోడాలన్నీ పాపం ఆయనే తాగేవాడు. చెట్టు కింద వాళ్ళు నాకు 'నిలవని సారు' అని పేరు పెట్టారు. ఆ పేరు బస్సెక్కి పెనుకొండ చేరింది. మా ఆఫీసు పెద్ద గుమాస్తా ఒకరోజు కళ్ళద్దాల మీదుగా చూస్తూ, "ఏమప్పా, సర్కారు ఉద్యోగం రాంగానే మనుషుల్తో మాట్లాడేది మానుకుంటివంట?" అన్నాడు. నేను తల వంచుకుని రిజిస్టరులో గీతలు కొట్టుకున్నాను.

అంగడికి ఒక ఫర్లాంగు అవతల మంచి మోరీ ఒకటి ఉండేది. అక్కడ దిగి సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వస్తే సరిపోయేది కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను. కానీ వచ్చాక మళ్ళీ ఎక్కేదెట్లా? నలుగురి ముందు సైకిలు తోసుకుంటూ మోరీ దాకా నడిస్తే, ఎందుకని అడగరా? (గుమాస్తా ఉద్యోగం, జేబులో పెన్ను, సైకిలెక్కడం రాదు! పరువు పోదూ?) అందుకని ఆ మోరీ మీదే ఒక్కణ్ణే కూర్చుని, హోటలు నుంచి తెచ్చుకున్న పులిహోర తినేవాణ్ణి. చెట్టు కింద నవ్వులు అక్కడికి వినబడేవి. ఆ నవ్వుల్లో కూర్చోవాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

ఇట్లా మూడు నెలలు గడిచాక ఒక ఆదివారం మామ పిలవలేదు. నన్ను చూసి కూడా మొహం తిప్పుకుని సీసాలు కడుక్కుంటున్నాడు. నేనే "వచ్చే వారం మామా!" అన్నాను. ఆయన ఇంకో సీసా అందుకున్నాడు. ఆ రోజు పులిహోర సగం కాకులకు వేశాను. ఇక ఆ దారిన పోకూడదనుకుని, తరువాతి ఆదివారం మళ్ళీ అదే దారిన బయలుదేరాను. ఇంకో దారిలో మాత్రం నాకెవరున్నారు గనక?

సరిగ్గా అంగడి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా గొర్రెల మంద. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా గొర్రెలే. ముందుకు పోను దారి లేదు, ఆగడం రాదు. చేసేదేమీ లేక హ్యాండిలు తిప్పి చింతచెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మొదటి చుట్టులో, "ఏం మామా, బాగుండావా?" అన్నాను. రెండో చుట్టులో, "ఎండ జాస్తిగా ఉండాది" అన్నాను. మూడో చుట్టుకు మాటలేమీ మిగల్లేదు. చెట్టు కింద కూర్చున్నవాళ్ళ తలలు నాతోపాటే తిరుగుతున్నాయి. "దిగు సారూ, దిగు!" అని మామ కేక పెట్టాడు. "దిగలేను మామా!" అంటూనే సీసాలు కడిగిన బురదలో సైకిలుతో సహా పడ్డాను.

మామ పరుగున వచ్చి సైకిలు పక్కకు లాగాడు. నన్ను కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చి, ఇవ్వబోయి ఆగిపోయాడు. గొర్రెలు తోలుకొచ్చిన ఆయన వైపు తిరిగి, "అబ్బీ, నీ సొరకాయ బుర్రలో నీళ్ళుంటే సారుకియ్యి" అన్నాడు.

"నీ చేతిలోనే చెంబు ఉండాది కదా మామా?" అన్నాను.

ఆయన నేల చూస్తూ అన్నాడు: "మా చేతి నీళ్ళు తాగుతావో లేదో అని అప్పా. ఇన్నాళ్ళూ పిలిస్తి, ఒక్కనాడన్నా దిగకపోతివి. సాయిబు అంగడి కదా, సారుకు పట్టింపేమో, ఊరికే పిలిచి కష్టపెట్టేది యాల అని మానుకుంటి."

మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఆ నొప్పి నాకు తెలియలేదు. ఇన్ని వారాలు నేను నా పరువు కాపాడుకుంటున్నాను అనుకున్నాను, ఈయన్ను అవమానిస్తున్నానని తెలుసుకోలేదు. చెంబు లాక్కుని గటగటా తాగాను. సగం నీళ్ళు చొక్కా తాగింది. "దిగేది రాదు మామా" అన్నాను. "అరుగుంటే దిగుతా, మోరీ ఉంటే దిగుతా. ఈడ ఏమీ లేదు."

"దిగేది రాదా?"

"ఎక్కేదీ రాదు."

ముందు గొర్రెలాయన నవ్వాడు. తరువాత చెట్టు కింద అందరూ. అందరికన్నా చివర మొదలుపెట్టిన మామ, తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "అల్లా! అరుగు లేక దిగలేదంట! నేను ఏమేమో అనుకుని కుమిలిపోతి గదప్పా!" ఆ రోజు నేను తాగిన సోడాలకు లెక్క లేదు. సాయంత్రం ఇద్దరు సైకిలు పట్టుకుంటే, ఇద్దరు నన్ను ఎత్తి దాని మీద కూర్చోబెట్టారు.

మరుసటి ఆదివారం అంగడి ముందు నేలలో పాతిన రాయి ఒకటి కనబడింది. సరిగ్గా నా కాలికి అందే ఎత్తు. దూరానికి తెలియాలని సున్నం కూడా కొట్టించాడు మామ. "ఈడ దిగు!" అని చెయ్యి చూపించాడు. అప్పటినుంచి నా ఆదివారాలన్నీ ఆ చెట్టు కిందే గడిచాయి. నిలవని సారు అన్న పేరు మాత్రం పోలేదు. ఎంతసేపు కూర్చున్నా అదే పేరు.

రెండేళ్ళకు హిందూపురం బదిలీ అయింది. అక్కడి బజారులో ప్రతి అడుగుకూ ఆగాలి. దెబ్బలు తిని తిని వారం రోజుల్లో ఎక్కడమూ దిగడమూ నేర్చుకున్నాను. ఆ ఘనకార్యం చూపించాలని ఒక ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరి ముప్పై మైళ్ళు తొక్కుకుంటూ పోయాను. అంగడి ముందు దర్జాగా ఒక్క దూకు దూకి దిగాలని నా ఆలోచన. నన్ను చూసి మామ లేచాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి ఆ రాయి మీద దుమ్ము దులిపి, పక్కకు జరిగి నిలబడ్డాడు. నేను బుద్ధిగా రాయి మీద కాలు పెట్టి దిగాను. నేర్చుకున్నానని ఆ రోజూ చెప్పలేదు, తరువాత ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న ధర్మవరం నుంచి హిందూపురానికి బస్సులో వస్తున్నాను. ఇప్పుడు నాకు బస్సు మెట్టు ఎక్కాలన్నా ఇద్దరి సాయం కావాలి. చెన్నేకొత్తపల్లి దాటింది. రోడ్డు ఎంత వెడల్పయిందంటే, చింతచెట్లు ఉండిన చోటు కూడా పోల్చుకోలేకపోయాను. ఇక్కడే అనుకున్న చోట కిటికీలోంచి చూస్తే ఏమీ లేదు. బస్సు నిలవలేదు. "వచ్చే వారం మామా!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. పక్క సీటు కుర్రవాడు కంగారుగా, "మీరీడ దిగల్లనా సార్? కండక్టరుకు చెప్పేదా?" అని అడిగాడు.

"వద్దులే అప్పా, ఇప్పుడు ఈడ రాయి లేదు" అన్నాను. అతను కొంచెం దూరంగా జరిగి కూర్చున్నాడు.