దాచే చెయ్యి, వెతికే చెయ్యి

మా ప్రాజెక్టు మేడమ్ పోయారని నేను మాచర్ల బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. నరసరావుపేటలో దిగి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. భర్త ఏనాడో పోయిన ఆ ఇంటికి ఇప్పుడు పెద్దదిక్కు మేడమ్ మరిదే. వచ్చినవాళ్లందరికీ ఆయన ఒకటే మాట చెబుతున్నాడు. "గుండె ఆగిపోయిందండీ, నిద్రలోనే."

అబద్ధం. మేడమ్ రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. గొంతు తగ్గించి చెబితే ఆవిడ ఊరుకునేవారు కాదు కాబట్టి మీకు ముందే చెబుతున్నాను.

మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ చేయించిన పని ఇది. రొమ్ము చుట్టూ యాంటెనాలు పెట్టి సన్నపాటి మైక్రోవేవ్ తరంగాలు పంపితే, కొవ్వు ఒకలా, నీరు ఎక్కువుండే కణితి ఇంకోలా వాటిని చెదరగొడతాయి. ఆ తేడాతో కణితిని పట్టుకోగలమా అని ముందు కంప్యూటర్‌లో మోడల్ కట్టి చూడాలి. మొదటి రివ్యూలో నేను ‘టిష్యూ, టిష్యూ’ అని నసుగుతుంటే ఆపేశారు.

"ఏందే ఆ గొణుగుడు? రొమ్ము అను. చెయ్యి అనవా, కాలు అనవా?"

వెనక బెంచీల్లో నవ్విన మగపిల్లల్ని లేపి వాళ్లచేత కూడా అనిపించారు.

తెర మీద నీలం వృత్తంలో కణితి ఉన్నచోట ఎర్రచుక్క కనబడగానే మేం చప్పట్లు కొట్టుకున్నాం. మేడమ్ కొట్టలేదు.

"మోడల్లో కణితిని పెట్టిందెవరు?"

"మేమే మేడమ్."

"వెతికింది?"

"మేమే."

"దాచిన చేత్తోనే తీసి, దొరికిందని ఎగురుతున్నారా?"

అప్పట్నుంచి ఒక జట్టు దాచేది, ఇంకో జట్టు జాడ తెలియకుండా వెతికేది. ఒట్టి కొవ్వు చాలదని పాలగ్రంథులు కూడా పెట్టించారు. వాటిలోనూ నీరు ఎక్కువే కాబట్టి చుక్క కనబడటం మానేసింది. మేం ఏడుపు మొహాలు పెడితే ఆవిడకి చానా హుషారు. "ఇప్పుడు నిజం చెప్తంది మోడలు. కూర్చోండి."

తనకే గడ్డ తగిలినప్పుడు ఆ సంగతి క్లాసులోనే చెప్పారు. మందులకు జుట్టంతా రాలిపోతే తలకు ఏమీ చుట్టుకోకుండా ల్యాబ్‌కి వచ్చారు. మా పద్ధతి ఆవిడకి అక్కరకు రాలేదు, అదింకా తెర దాటలేదు. "నాకు అందకపోతే పోయింది. తప్పుడు చుక్క మాత్రం చూపించమాకండి" అన్నారు. నేనిప్పుడు అదే ల్యాబ్‌లో పాఠం చెబుతున్నాను. నాకు వచ్చిందంతా ఆవిడ చలవే.

పెద్దకర్మ నాడు మేడమ్ కూతురు నా చెయ్యి పట్టుకుంది. "నేనూ పరీక్ష చేయించుకుంటా అంటే, సంబంధం కుదిరిందాకా ఆగమంటన్నాడక్కా బాబాయ్." నాలుగు మాటలు చెప్పమని నాకు మైకు ఇస్తూ ఆయన నాతోనూ అదే ధోరణిలో అన్నాడు. "జబ్బు ఊసెత్తమాకమ్మా. పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది." ఆయన భయం నాకు అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు.

"మా మేడమ్‌ది రొమ్ము క్యాన్సర్" అన్నాను.

షామియానా కింద మొదటి బంతిలో వడ్డన ఆగిపోయింది. కూతురు లేచి నిలబడింది.

"అవును. రేపు నేను పరీక్షకి పోతన్నా. వచ్చేవాళ్లుంటే రండి."

చివరి విస్తరి ముందున్న ఒక పెద్దావిడ, కలుపుతున్న అన్నంలో కుడిచెయ్యి అలాగే ఉంచి, ఎడమచెయ్యి పమిట కిందకి పోనిచ్చి, నెమ్మదిగా తడిమి చూసుకుంటోంది.